పాలిపోయిన పులిని ఏం చేద్దాం?

అద్దాల పెట్టెలో డెబ్భై ఎనభై ఏళ్లుగా నిలబడి ఉన్న పులిని కాస్త పరీక్షగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. దాని ఒంటి మీది నారింజ రంగు వెలిసి వెలిసి ఎండుగడ్డి రంగుకు దిగిపోయి ఉంటుంది. పొట్ట కింద, చెంపల మీద, కళ్ల పైన ఉండాల్సిన తెలుపు పసుపెక్కి అదే ఎండుగడ్డి రంగుకు చేరి ఉంటుంది. నల్లచారలు కాఫీ రంగులోకి తిరిగి ఉంటాయి. ముదురుగా ఉండాల్సింది పాలిపోయి, తెల్లగా ఉండాల్సింది ముదిరి, రెండూ దారి మధ్యలో కలుసుకుని ఒళ్లంతా ఒకే రంగైపోతుంది. దాన్ని చూసిన ఎవరికైనా ముందుగా కలిగే ఆలోచన, శుభ్రంగా కడిగిస్తే బాగుండునని. ఆ ఆలోచన తొందరపాటని నా వాదన. మనం పసుపు అని ఒక్క మాటతో తేల్చేస్తున్నది నిజానికి వేరువేరు కారణాలతో, వేరువేరు కాలాల్లో వచ్చి ఒకదాని మీద ఒకటి పేరుకున్న నాలుగైదు పసుపులు. వాటిలో కొన్ని మురికి, కొన్ని గాయం, కొన్ని వయసు. కొన్ని జీవుల విషయంలో అది బతికున్నప్పటి సొంత రంగే కూడా. ఏది ఏదో తేల్చుకోకుండా తెలుపు కోసం చెయ్యి వేస్తే మురికితో పాటు మళ్లీ రానివి కూడా పోతాయి.

ఇలాంటి బొమ్మలు మన దేశంలో తక్కువేమీ లేవు. మైసూరులో వాన్ ఇంగెన్ కుటుంబం 1900 ప్రాంతంలో మొదలుపెట్టిన, జంతువుల తోళ్లను బొమ్మలుగా తీర్చే టాక్సిడెర్మీ కర్మాగారం 1999లో మూతపడే దాకా నడిచింది. ఆ వందేళ్లలో వాళ్ల చేతుల మీదుగా వెళ్లిన పులులు, చిరుతలు కలిపి 40 వేలు దాటుతాయని ఆ సంస్థ చరిత్ర రాసినవారి అంచనా. మహారాజులు, జమీందారులు, తెల్లదొరలు వేటలో కొట్టిన జంతువును అక్కడికి పంపితే కొన్ని నెలలకు కోరలు చూపిస్తున్న పులి రైలెక్కి తిరిగొచ్చేది. తెలుగునేల మీదా ఆ సరదాకు కొదవ లేదు. క్రికెట్ వల్ల దేశమంతా తెలిసిన విజయనగరం విజ్జీ మూడొందలకు పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవాడు. 1851లో మొదలైన మద్రాసు మ్యూజియాన్ని పాతతరం తెలుగువాళ్లు ‘చచ్చిన కాలేజీ’ అనీ, జంతుప్రదర్శనశాలను ‘బతికిన కాలేజీ’ అనీ పిలిచేవారు. ఆ చచ్చిన కాలేజీల్లో, కోటల హాళ్లలో, పాత లోగిళ్ల గోడల మీద దుప్పి తలలుగా, అడవిదున్న తలలుగా మిగిలినవన్నీ ఇప్పుడు ఒకే వయసుకొచ్చాయి. చట్టం వల్ల వాటి స్థానంలో కొత్తవి రావు. ఉన్నవాటిని ఏం చేస్తామన్నదే మిగిలిన ప్రశ్న.

ముందు ఆ బొమ్మ లోపల ఏముందో తెలియాలి. ‘గడ్డి కూరిన పులి’ అనడం అలవాటే గానీ మంచి పనివాళ్లు గడ్డి కూరడం ఎప్పుడో మానేశారు. అమెరికాలో కార్ల్ ఏక్లీ వంటివాళ్లు ముందు మట్టితో జంతువు కండరాలన్నీ తీర్చి, దాని మీద ప్లాస్టరు అచ్చు పోసి, ఆ అచ్చులోంచి కాగితపు గుజ్జుతో గుల్లగా, తేలిగ్గా ఉండే మూర్తిని తీసి, దానికి తోలు తొడిగేవారు. మైసూరులో కూడా కాగితపు గుజ్జు మూర్తులే. కాబట్టి బొచ్చు కింద ఉన్నది పటికతో పదును చేసిన తోలు, దాని కింద కాగితం, జిగురు, ఇనుప తీగ, ముఖం మీద మైనం, రంగు, కళ్లు గాజువి. ఇందులో చాలావరకు నీళ్లకు తట్టుకోవు. పటికతో పదునైన తోలు తడిస్తే ఆ పటిక నీళ్లలోకి దిగిపోతుంది. ఆరేటప్పుడు తోలు కుంచించుకుపోయి కుట్ల దగ్గర చిరుగుతుంది. కాగితపు గుజ్జు ఉబ్బుతుంది. తీగ తుప్పు పట్టి, ఆ తుప్పు మరక కొన్నేళ్లకు పైకి తేలుతుంది. పక్షుల సంగతి ఇంకా సున్నితం. చాలావాటి చర్మాన్ని అసలు పదునే చెయ్యరు, మందు పూసి ఎండబెడతారు, అంతే. ఉన్ని కంబళిని ఉతికినట్టు దీన్ని ఉతకబోయేవాళ్లకు ఈ సంగతి తెలియకపోవడమే చాలా నష్టాలకు మొదలు.

ఇక ఆ పసుపుల సంగతి. మొదటిది వెలుతురు తెచ్చేది. వెంట్రుక, ఈక, గోరు అన్నీ కెరటిన్ అనే మాంసకృత్తితో తయారవుతాయి. అందులోని ట్రిప్టోఫాన్ వంటి కొన్ని అమైనో ఆమ్లాలు అతినీలలోహిత కిరణాలకు విరిగి పసుపు పదార్థాలుగా మారతాయి. తెల్ల బొచ్చు పసుపెక్కేది అందుకే. అదే వెలుతురు మెలనిన్ అనే సహజవర్ణాన్ని విరంజనం చేస్తుంది కాబట్టి నలుపు గోధుమకు, నారింజ గడ్డి రంగుకు దిగుతాయి. రెండోది కొవ్వు. పనివాడు చర్మం లోపలి కొవ్వును పూర్తిగా గీకెయ్యకపోతే ఆ మిగులు గాలికి ఆక్సీకరణం చెంది, ఆమ్లమై, జిగురుగా నారింజపసుపు రంగులో కుట్ల వెంట, కాళ్ల మొదళ్ల దగ్గర బయటికి ఊరుతుంది. బాతులకు, సముద్రపక్షులకు ఇది ఎక్కువ. ఆ ఆమ్లం కొన్ని దశాబ్దాల్లో చర్మాన్ని పొడిపొడి చేస్తుంది. మూడోది పొగ. కిరసనాయిలు దీపాలు, చుట్టలు, హుక్కాలు వెలిగిన హాళ్లలో గోడకు వేలాడిన తలల మీద ఆ నూనె మసి కూర్చుని దుమ్మును పట్టి ఉంచుతుంది. నాలుగోది మనుషులు పూసింది. ముక్కుకు, పెదవులకు, పక్షుల ముక్కులకు, గిట్టలకు మెరుపు కోసం వేసిన లక్క వార్నిషు కాలం గడిచేకొద్దీ తేనె రంగుకు, ఆపైన గోధుమ రంగుకు తిరుగుతుంది. పాత మరమ్మతుల్లో వాడిన జిగుర్లూ అంతే. కంటికి ఇవన్నీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. చికిత్సలు మాత్రం ఒకదానికొకటి పొసగవు. పొగమసికి పనికొచ్చే ద్రావకం వార్నిషును కరిగించి బొచ్చులోకి పాకిస్తుంది. కొవ్వుకు పనికొచ్చేది వెలుతురు తెచ్చిన పసుపును తాకనైనా తాకదు. ఎందుకంటే ఆ పసుపు బొచ్చు మీద లేదు, బొచ్చే అయిపోయింది.

వీటన్నిటికీ బయట ఇంకొక పసుపుంది. పశ్చిమ కనుమల్లో, ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో కనిపించే పెద్ద హార్న్‌బిల్‌నే తీసుకోండి. కేరళకు, అరుణాచల్ ప్రదేశ్‌కు రాష్ట్రపక్షి అది. దాని మెడ మీద, రెక్కల మీది పట్టీలో ఈకలు పుట్టుకతో తెలుపే. తోక మొదట్లో ఉండే గ్రంథి నుంచి వచ్చే పసుపు నూనెను ముక్కుతో తీసి ఆ పక్షే వాటికి పులుముకుంటుంది. అంటే అది అలంకరణ రంగు, పూతగా ఉన్నది. ఎవరైనా శ్రద్ధగా ద్రావకంతో తుడిస్తే ఈకలు తెల్లగా మెరుస్తాయి, చూసినవాళ్లు మెచ్చుకుంటారు, ఆ పక్షి మాత్రం జీవితంలో ఎప్పుడూ లేని రూపానికి వస్తుంది. హిమాలయాల్లో ఎగిరే గడ్డపు రాబందుకు రొమ్ము మీద ఉండే తుప్పు రంగూ ఇలాంటిదే. ఇనుప ఖనిజమున్న మట్టిలో పొర్లి అది ఆ రంగు తెచ్చుకుంటుంది. బోనులో, ఆ మట్టి అందని చోట పెరిగితే తెల్లగా ఉండిపోతుంది. ధ్రువపు ఎలుగుబంటి కూడా మనం బొమ్మల పుస్తకాల్లో చూసినంత తెల్లగా బతకదు, సీలు కొవ్వు అంటి పచ్చగా ఉండే రోజులే దానికి మామూలు. మంచులాంటి తెలుపు ఆ జంతువుకు మనం కట్టబెట్టింది. అందువల్ల పని మొదలుపెట్టేవాడికి రసాయనశాస్త్రం కంటే ముందు జంతుశాస్త్రం కావాలంటాను.

తెలుపు మీది మోజు మన ఇళ్లలో చిట్కాలుగా స్థిరపడింది. కుంకుడు రసం, బట్టల సోడా, నీలిమందు, బ్లీచింగ్ పౌడరు, సెలూన్లలో జుట్టుకు వాడే పెరాక్సైడు. ‘వీటితో ఎన్నోసార్లు బాగుపడ్డాయి కదా’ అన్నది మొదటి అభ్యంతరం. బాగుపడినట్టు కనిపించిన మాట నిజం. పెరాక్సైడు పూసిన సాయంత్రం బొచ్చు నిజంగానే తెల్లబడుతుంది. కానీ వెంట్రుకకు బలమిచ్చేది కెరటిన్ పోగుల మధ్య ఉండే గంధకపు బంధాలు. పెరాక్సైడు రంగుతో పాటు వాటినీ తెంచుతుంది. బతికున్న మనిషికైతే పాడైన జుట్టు కత్తిరిస్తే కొత్తది మొలుస్తుంది. డెబ్భై ఏళ్ల కిందట చచ్చిన పులికి మొలవదు. పైగా పాలిపోయిన పులిలో తెలుపు, నారింజ పక్కపక్కనే ఉంటాయి. చెంప మీది పసుపును తీసే మందు ఆ అంచు దాటి మిగిలిన కాస్త నారింజనూ తినేస్తుంది. బట్టల సోడా, సబ్బు క్షారాలు కాబట్టి వెంట్రుక పొలుసుల్ని తెరుస్తాయి, కడగడానికి మళ్లీ నీళ్లు కావాలి. కుంకుడు రసం పట్టుచీరకు మంచిదే, చీరను జాడించి ఆరేయొచ్చు కనుక. బొమ్మను జాడించలేం. లోపల మిగిలిన రసం పురుగుకు మేత. నీలిమందు పసుపును తియ్యదు, దాని మీద నీలం వేసి కంటిని మాయ చేస్తుంది, బొచ్చు మీద మచ్చలుగా దిగుతుంది. బట్టల పొడుల్లో తెలుపు కోసం కలిపే మెరుపు రసాయనాలు అంతకంటే తెలివైన మాయ. అతినీలలోహిత దీపం కింద పెడితే అవి పూసిన చోటల్లా నీలంగా వెలిగి పట్టిస్తాయి, కొన్నాళ్లకు అవి కూడా పాడై ఇంకో పసుపు పొరగా మిగులుతాయి. ఆ సాయంత్రం మెచ్చుకున్నవాళ్లు పదేళ్ల తర్వాత వచ్చి చూడరు. చిట్కాలకు మంచిపేరు నిలబడడానికి సగం కారణం అదే.

చిట్కాలకు అడ్డుపడే రెండో సంగతి మరీ ప్రమాదకరమైనది. ఫ్రాన్సులోని మెట్జ్ నగరానికి చెందిన జాన్ బాప్తిస్త్ బెకూర్ 18వ శతాబ్ది మధ్యలో ఆర్సెనిక్, కర్పూరం, సబ్బు, సున్నం, పొటాష్ లవణం కలిపి ఒక లేపనం తయారుచేశాడు. బతికున్నంత కాలం దాన్ని రహస్యంగానే ఉంచాడు. ఆయన పోయాక అది బయటపడి ప్రపంచమంతా పాకింది. చర్మం లోపలివైపు దాన్ని పూస్తే చిమ్మట గానీ, తోలు తినే పురుగు గానీ దగ్గరికి రాదు. 20వ శతాబ్ది రెండో సగం దాకా ఈ పద్ధతి నడిచింది, కొన్నిచోట్ల పాదరస లవణాలు, తర్వాత డీడీటీ కూడా తోడయ్యాయి. ఇవాళ మన దగ్గరున్న పాత బొమ్మల్లో ఎన్నింటిలో విషముందో పైకి చూసి చెప్పలేం. కుట్ల వెంట, కళ్ల చుట్టూ తెల్లటి పొడిగా తేలితే అనుమానించాలి, తేలకపోయినా లేదనుకోకూడదు. కాబట్టి తెలియని పాత బొమ్మను విషమున్నదిగానే భావించి మొదలుపెట్టడం మ్యూజియాల్లో నియమం. చేతికి తొడుగులు, సన్నటి ధూళిని ఆపే మాస్కు, వీలైతే ఏ మూలకాలున్నాయో చెప్పే, చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరంతో పరీక్ష. దుప్పి తలను పెరట్లో పెట్టి చీపురుతో దులిపే ఇంట్లో పిల్లలు పక్కనే ఆడుకుంటూ ఉంటారు. ఆ దుమ్ములో ఏముందో వాళ్లకు ఎవరూ చెప్పరు. తడిగుడ్డతో తుడిస్తే లోపలి ఆర్సెనిక్ తేమతో పాటు పైకి, బొచ్చులోకి వస్తుంది. శుభ్రం చేశామనుకున్న బొమ్మ ముందుకంటే విషపూరితమవుతుంది.

మరి చెయ్యాల్సింది ఏమిటి? చాలా భాగం పొడిపనే, చూడడానికి విసుగు పుట్టించేంత నెమ్మదైన పని. సన్నటి ధూళిని పట్టే ఫిల్టరున్న వాక్యూమ్ గొట్టానికి పల్చటి వల కట్టి, తక్కువ పీల్పు మీద పెట్టి, మెత్తటి కుంచెతో బొచ్చు పడిన దిశలోనే దుమ్మును గొట్టం వైపు తోలాలి. వల దేనికంటే, ఊడిన వెంట్రుక గానీ ఈక గానీ అందులో ఆగితే తిరిగి దాని చోట పెట్టొచ్చు. అంటుకున్న మసికి రసాయనం లేని రబ్బరు స్పాంజి. అప్పటికీ మిగిలితేనే ద్రావకం. అదీ కనపడని మూల, కడుపు కింద పరీక్షించాకే, దూది పుల్లతో, బొచ్చు కొనలకు మాత్రమే తగిలేలా. ఆల్కహాలులో కొద్దిగా నీళ్లు కలిపింది పొగమసికి, వైట్ స్పిరిట్ కొవ్వుకు. దూది పుల్ల మీదికి వచ్చే రంగే ఆ పసుపు ఏ జాతిదో చెబుతుంది. నల్లగా వస్తే మసి, జిగురుగా నారింజగా వస్తే కొవ్వు. ఏమీ రాకుండా తెల్లగానే ఉండి, కింద పసుపు అలాగే ఉంటే అక్కడితో ఆపెయ్యాలి. అది తుడిచేది కాదు. పనితనమంతా ఆ ఆపడంలోనే ఉంది. పురుగుంటే మందు కొట్టే బదులు గాలి దూరకుండా సంచిలో మూసి మైనస్ 30 డిగ్రీల్లో మూడు రోజులైనా గడ్డకట్టించడం ఇప్పటి పద్ధతి. గాజు కళ్లను, తెరిచిన నోటిలోని రంగును శుభ్రం చేస్తే చాలు, పులి సగం బతికినట్టు కనిపిస్తుంది. చూసేవాళ్ల చూపు ముందుగా పడేది అక్కడే.

వెలుతురు మింగేసిన రంగు సంగతేమిటన్నది మిగిలిన ప్రశ్న. దీనికి ఇప్పటిదాకా వచ్చిన మంచి జవాబు న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీ నుంచి వచ్చింది. అక్కడి ఉత్తర అమెరికా క్షీరదాల హాలు 1942లో తెరిచారు. అడవిదున్నలు, కొండమేకలు, తోడేళ్లు తమ తమ ప్రకృతి దృశ్యాల్లో నిలబడిన 43 దృశ్యపేటికలు అందులో ఉన్నాయి. దశాబ్దాల పాటు దీపాల కింద నిలబడి వాటి రంగులు దారుణంగా పాలిపోయాయి. అంతకుముందు అక్కడక్కడ చేసిన రంగు పూతలు బొచ్చును అట్టకట్టించాయి. 2011లో మొదలుపెట్టి 2012 అక్టోబరులో హాలు తిరిగి తెరిచేలోగా పరిరక్షకులు, టాక్సిడెర్మిస్టులు, రసాయన పరిశోధకులు కలిసి పనిచేశారు. వాళ్లు విరంజనం జోలికి పోలేదు. లోహ అణువు కలిసిన, వెలుతురుకు తట్టుకునే ఒక జాతి రంగుల్ని ఆల్కహాలులో కరిగించి, ఎయిర్‌బ్రష్‌తో పొగమంచులా బొచ్చు మీద చల్లారు. నీళ్లు లేవు కాబట్టి తోలు తడవదు. పెయింటులా పొర కట్టదు కాబట్టి వెంట్రుక వెంట్రుకగానే విడివిడిగా ఉంటుంది. ముందు బొచ్చు ముక్కల మీద వేసి, తీవ్రమైన వెలుతురులో పెట్టి, ఎన్నాళ్లకు వెలుస్తాయో చూశాకే అసలు బొమ్మల మీదికి వెళ్లారు. అంతకంటే ముఖ్యమైన పని, దీపాలు మార్చడం. పోయిన రంగును తేవడానికి వాళ్లు ఎంచుకున్న దారి కలపడం. విరంజనంతో పోయింది ఎవరూ తిరిగి ఇవ్వలేరు. కలిపింది నచ్చకపోతే వెనక్కి తియ్యడానికి కొంతైనా అవకాశముంటుంది. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకంటే గట్టి సూత్రం లేదు.

దీనిమీద ఒక ఆక్షేపణ సహేతుకమైనదే. మ్యూజియానికి వచ్చే బడిపిల్లకు పులి ఎలా ఉంటుందో చూపించడం ఆ బొమ్మ పని. పాలిపోయిన బొమ్మ అబద్ధం చెబుతోంది, కొత్త రంగు ఆ అబద్ధాన్ని దిద్దుతుంది, అలాంటప్పుడు పాత పసుపు మీద ఇంత గౌరవం ఎందుకని. ప్రదర్శన బొమ్మల విషయంలో ఈ మాటకు నేను ఒప్పుకుంటాను. న్యూయార్క్‌లో చేసిందీ అదే. కానీ ఏ బొమ్మ బోధనకు, ఏది ఆధారానికి అన్నది ముందే తెలియదు. ఇవాళ మురికి అనుకున్నదే రేపు సాక్ష్యమవుతుంది. 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం షేన్ డుబే, కార్ల్ ఫుల్డ్‌నర్ అనే ఇద్దరు పరిశోధకులు షికాగో, పిట్స్‌బర్గ్, ఆన్ ఆర్బర్ మ్యూజియాల అరల్లోంచి 1,300కు పైగా పక్షుల్ని బయటికి తీశారు. 135 ఏళ్ల వ్యవధిలో అమెరికా ఫ్యాక్టరీల ప్రాంతంలో పట్టినవి అవి. ఆ పక్షులు ఏటా ఈకలు మార్చుకుంటాయి కనుక ఒక్కో పక్షి రొమ్ము మీది మసి ఆ ఒక్క ఏడాది గాలిని చెబుతుంది. వాటిని ఫొటోలు తీసి, ఎంత వెలుతురు తిరిగి వస్తుందో కొలిచి, బొగ్గు పొగ ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో వాళ్లు గీత గీశారు. 1929 తర్వాతి ఆర్థికమాంద్యంలో ఫ్యాక్టరీలు మందగించినప్పుడు పక్షులు తెల్లబడ్డాయి. వాయుకాలుష్యాన్ని కొలిచే యంత్రాలు లేని రోజుల లెక్క అది. మధ్యలో ఏ శ్రద్ధ గల ఉద్యోగో వాటిని కడిగి ఉంటే ఆ లెక్క లేదు.

క్వాగా కథ మన విషయానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. దక్షిణాఫ్రికాలో ముందు సగం చారలతో, వెనక సగం గోధుమ రంగుతో ఉండే ఈ జంతువుల్లో చివరిది 1883 ఆగస్టు 12న ఆమ్‌స్టర్‌డామ్ జూలో చనిపోయింది. కేప్‌టౌన్ మ్యూజియంలో టాక్సిడెర్మిస్టుగా పనిచేసిన రైన్‌హోల్డ్ రావ్ 1969లో అక్కడి క్వాగా పిల్ల బొమ్మను బాగుచెయ్యడానికి విప్పాడు. పాతకాలపు పనివాడు చర్మాన్ని సరిగా గీకలేదు, మాంసపు తునకలు ఎండి లోపల అతుక్కుని ఉన్నాయి. బాగుచేసేవాడి కంటికి అది పారెయ్యాల్సిన చెత్త. రావ్ దాచిపెట్టాడు. తర్వాత జర్మనీలోని మైంజ్ మ్యూజియం క్వాగాల్ని బాగుచేసినప్పుడూ అలాగే చేశాడు. ఆ మైంజ్ తునకల నుంచే కాలిఫోర్నియాలో బర్కిలీ శాస్త్రవేత్తలు డీఎన్ఏ తీసి 1984లో ప్రకటించారు. అంతరించిన ఒక జీవి నుంచి డీఎన్ఏ చదవడం ప్రపంచంలో అదే మొదటిసారి. క్వాగా జీబ్రాకు దగ్గరి చుట్టమని దానితో తేలింది. చర్మానికి కొవ్వునూ మాంసాన్నీ వదిలేసే అజాగ్రత్తే ఒక బొమ్మ మీద పసుపు మరక, ఇంకో బొమ్మలో విజ్ఞానం. బాగుచేసే చేయి ముందుగా తెలుసుకోలేదు, ఏది ఏదవుతుందో. కడప జిల్లాలో 1986లో మళ్లీ దొరికిన కలివికోడి విషయం చూడండి. అంతకుముందు దశాబ్దాల పాటు అది లోకంలో లేదనే అనుకున్నారు. అప్పుడు పట్టుబడిన పక్షి బతకలేదు, దాని చర్మాన్ని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ భద్రపరిచింది. అంతటి అరుదైన జీవి ఈకను ఒక్కదాన్ని కడగాలంటే ఎంత ఆలోచించాలి!

‘వేటగాళ్ల డాంబికానికి గుర్తులైన ఈ బొమ్మల మీద ఇంత ఖర్చూ శ్రమా ఎందుకు, తగలబెట్టేస్తే పోదా’ అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల కోపం అర్థం చేసుకోదగ్గది. ఒక జమీందారు ఒక్క జీవితంలో మూడొందల పులుల్ని కొట్టానని గొప్పగా చెప్పుకున్న దేశంలో ఆ కోపం రాకపోతేనే ఆశ్చర్యం. అయితే తగలబెట్టడం వల్ల చనిపోయిన పులికి న్యాయం జరగదు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని పులులుండేవన్న సాక్ష్యం మాత్రం పోతుంది. చీటీ మీద ఊరు, తేదీ ఉన్న తోలు ఒక్కోటి ఒక్కో అడవి రికార్డు. ఇప్పుడు పులి అడుగుజాడ లేని కొండల్లో ఒకప్పుడు తిరిగిన పులులకు, నేడు మిగిలిన పులులకు చుట్టరికం తేల్చాలంటే ఆ వెంట్రుకలే దిక్కు. వాటిని కాల్చి ఎవరూ బాగుపడలేదు. ఢిల్లీలోని జాతీయ సహజ చరిత్ర మ్యూజియం 2016 ఏప్రిల్ 26న అగ్నిప్రమాదంలో కాలిపోయినప్పుడు పోయినవాటిని మళ్లీ సమకూర్చుకునే మార్గం లేదు. పైగా వేటగాడి గర్వాన్ని తలచుకునేలా చెయ్యాలన్నా ఆ పులి కొత్తగా మెరవాల్సిన పని లేదు. తుపాకీ దెబ్బ మాన్పిన కుట్టు కనిపిస్తే కనిపించనివ్వాలి. అందంగా దిద్దిన బొమ్మే ఆ గర్వానికి ఎక్కువ ఊడిగం చేస్తుంది.

డబ్బు అభ్యంతరం మిగిలింది. న్యూయార్క్ మ్యూజియానికి ఉన్న నిధులు మన జిల్లా మ్యూజియాలకు ఎక్కడివి అంటారు. ఈ పనిలో అన్నిటికంటే ఫలితమిచ్చేదే అన్నిటికంటే చవక, అదే వెలుతురు తగ్గించడం. బొచ్చుకు, ఈకకు 50 లక్సుల వెలుతురు మించకూడదన్నది మ్యూజియాల కొలత. రోజుకు ఎనిమిది గంటలు ఆ వెలుతురులో ఉంచితే పడేది 400 లక్సు గంటలు. కిటికీ పక్కన వెయ్యి లక్సుల వెలుతురులో అంత దెబ్బ ఇరవై నాలుగు నిమిషాల్లో తగిలిపోతుంది. వెలుతురు చేసే హాని కూడుతూ పోయేదే తప్ప, రాత్రి చీకట్లో నయమయ్యేది కాదు. మందపాటి తెర, చూసేవాళ్లు వచ్చినప్పుడే వెలిగే ఎల్ఈడీ దీపం, గాజుకు అతినీలలోహితాన్ని ఆపే ఫిల్ము, ఇవి ఏ మ్యూజియానికీ మించిన ఖర్చు కావు. కోస్తా ఊళ్లలో ఉక్కపోత ఇంకో శత్రువు. పగలు ఏసీ వేసి సాయంత్రం కట్టేసే అలవాటు అసలు ఏసీ లేకపోవడం కంటే చెడ్డది. తేమ ఎక్కి దిగినప్పుడల్లా తోలు సాగి ముడుచుకుని కుట్ల దగ్గర పగులుతుంది. గాలి ఆడే, ఒకే తీరుగా ఉండే గది మేలు.

ఇళ్లలో వంశపారంపర్యంగా వచ్చిన బొమ్మలున్నవాళ్లకు చట్టం చెప్పేది ఒకటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం షెడ్యూలు జంతువుల బొమ్మలకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చే యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి, అది ఉన్నా అమ్మడానికి వీల్లేదు. చాలామందికి తెలియనిదేమంటే, ఆ చట్టం టాక్సిడెర్మీకి ఇచ్చిన నిర్వచనంలో తయారుచెయ్యడమే కాదు, భద్రపరచడం కూడా ఉంది. కాబట్టి ఎవరో బాగుచేస్తామన్నారని చిరుత తోలును కారెక్కించే ముందు అటవీశాఖకు రాసి అడగడం మంచిది. జవాబు వచ్చేలోగా చెయ్యగలిగిన మేలు, దాన్ని కిటికీ ముందు నుంచి, వంటింటి పొగ నుంచి దూరంగా జరపడం. అప్పుడైనా తొడుగులు వేసుకుని.

కొత్త బొమ్మలు రావన్నానే, ఒక్క దారిలో వస్తున్నాయి. ముంబయి బోరివలిలోని సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనంలో 2009లో ఒక టాక్సిడెర్మీ కేంద్రం మొదలైంది. జూలలో వయసు మీరి చనిపోయిన జంతువుల్ని అధికారికంగా, బోధన కోసం, తీర్చిదిద్దడం దాని పని. ఇప్పటి బొమ్మల్లో సాధారణంగా ఆర్సెనిక్ ఉండదు, తోలును పూర్తిగా పదును చేస్తారు, కొవ్వు మిగలనివ్వరు. పాత పసుపుల్లో కొవ్వు తెచ్చేది అలా తప్పిపోయింది. కానీ లోపల కాగితపు గుజ్జు పోయి పాలీయూరిథేన్ నురుగు వచ్చింది. అది గాలికీ వెలుతురుకూ కొన్ని దశాబ్దాల్లో పసుపెక్కి పొడిగా రాలుతుంది. ముక్కుకూ నోటికీ వాడే ఎపాక్సీ కూడా పసుపెక్కేదే. బెకూర్ తన లేపనంలో ఏముందో దాచాడు, వాన్ ఇంగెన్ల కాలపు పనివాళ్లు ఏ బొమ్మకు ఏం పూశారో మనకు చాలావరకు తెలియదు. అందుకే ఇవాళ ఒక బొమ్మను బాగుచెయ్యడమంటే ఆరేడు దశాబ్దాల కిందటి వంటకాన్ని రుచి చూసి దినుసులు ఊహించడంలా ఉంది. ఇప్పుడు తయారవుతున్న ప్రతి పులి లోపల, అడుగు పలక కింద, ఏ నురుగు, ఏ జిగురు, ఏ రంగు, ఏ తేదీ అని ఒక కాగితం మీద రాసి అంటించడానికి అయిదు నిమిషాలు పడుతుంది.